నాట్లు లేని ఏడు

వరి నాటడం నాకు నేర్పింది మా అత్త కొండమ్మ. పెళ్ళయిన మూడో వారమే నన్ను మోకాలి లోతు బురదలో దింపి, నారుకట్ట చేతిలో పెట్టి, "వేళ్ళు చూసుకోకు పిల్లా. పక్కదాని పాట విను. చెయ్యి దానంతటదే నడుస్తుంది" అంది. పదిహేనేళ్ళు ఆమె వెనక పనిచేశాను. ఆమె నడుము మొరాయించాక ముఠా నా చేతికొచ్చింది. అవసరానికి దిగే మా అత్తతో కలిపి ఇరవై రెండు మంది ఆడవాళ్ళం. మా ఊరు రేపల్లె నుంచి పెనుమూడి వెళ్ళే దారిలో, కాలువకి చిట్టచివర. నీళ్ళు మాకంటే ముందు తెనాలి వైపు చేలకి అందుతాయి. అందుకని ఏటా అమృతలూరులోనో చుండూరులోనో నాట్లు మొదలుపెట్టి, నీళ్ళతో పాటే కిందికి దిగుతూ దిగుతూ, ఆఖరికి మా ఊరి చేలల్లో ముగించేవాళ్ళం. నెలన్నర పని. ఆ నెలన్నర మీదే మాకు ఏడాది నడిచేది.

నేను చెప్పేది ఎనభై ఏడో సంవత్సరం సంగతి. ఆ ఏడు నీళ్ళు దిగలేదు.

ఉన్నట్టుండి జరిగింది కాదది. అంతకు ముందు ఐదారేళ్ళ నుంచీ కాలం వెనక్కి జరుగుతూనే ఉంది. మా అత్త కాపరానికొచ్చిన రోజుల్లో ఏరువాక నాటికి కాలువ నిండేదట. నేనొచ్చేసరికి అది జూలై అయింది. తర్వాత జూలై ఆఖరయింది. వాన పడాల్సినప్పుడు పడదు. చేను కంకి మీద ఉండగా వచ్చి మూడు రోజులు వదలదు. ఎండాకాలంలో మురుగుకాలువ వెంబడి సముద్రపు పోటు మా ఊరిదాకా ఎక్కొచ్చి, చేలో ఉప్పు తెల్లగా పేరుకునేది. భూమి వేడెక్కుతోందనీ అందుకే రుతువులు గతి తప్పాయనీ ఇప్పుడు పేపర్లలో రాస్తున్నారు. అప్పుడు మాకా మాట తెలియదు. మా పాస్టరుగారు ఉపవాస ప్రార్థనలు పెట్టించారు. ఊళ్ళో రైతులు శివాలయంలో అభిషేకాలు చేయించారు. ఆకాశం ఇద్దరికీ సమాధానం చెప్పలేదు.

పనిలేని చేతులు ఊరుకోవు. జూన్ అంతా మా ఆడవాళ్ళు చర్చి అరుగు మీద కూర్చుని, చీపుళ్ళు కట్టి, తాటాకులు చీల్చి, లేనిపోని మాటకి ఒకళ్ళ మీద ఒకళ్ళు లేచేవాళ్ళు. రోజుకి నాలుగుసార్లు ఎవరో ఒకరు కాలువ గట్టెక్కి చూసొచ్చేవాళ్ళు. నేనూ వెళ్ళేదాన్ని. అడుగున పగుళ్ళు, పగుళ్ళలో ఎండిన నత్తలు. కనబడేది అదేనని తెలిసి కూడా కాళ్ళు అటే లాగేవి.

మా ఆయన బర్నబాస్ బాపట్ల అవతల ఒక ప్రయోగాల ఫారంలో రోజుకూలీ. కొత్త రకాల వడ్లు, కొత్త పద్ధతులు ముందు చిన్న చిన్న మళ్ళలో వేసి చూసే ఫారం అది. పదకొండేళ్ళుగా అక్కడే. సోమవారం పొద్దున రేపల్లెలో రైలెక్కి, తెనాలిలో మారి బాపట్ల వెళ్తాడు. శనివారం మళ్ళీ అదే దారిన వస్తాడు. పని పర్మినెంటవుతుందని పదకొండేళ్ళుగా వింటున్నాం. మా అమ్మాయి ప్రేమకుమారిని తెనాలి హాస్టల్లో వేసింది కూడా, అతను దిగి మారే ఊరు కదా, వారానికోసారైనా చూసొస్తాడని.

జూన్ నెలాఖరు శనివారం సాయంత్రం అతను ఇంటికొచ్చిన తీరే వేరు. చెప్పులు కూడా విడవకుండా, "సామ్రాజ్యం! ఈ ఏడు కాలువ కోసం చూడక్కర్లేదే" అన్నాడు.

మా అత్త వసారాలో బియ్యం చెరుగుతోంది. చేట ఆపి చూసింది.

"వరిని జొన్న విత్తినట్టు విత్తెయ్యొచ్చు. పొడి దుక్కిలో. ఒక్క మంచి వాన పడితే చాలు, ఎడ్లకి గొర్రు కట్టి వెద పెట్టెయ్యడమే. నారుమడి లేదు, బురదలో దమ్ము చెయ్యడం లేదు. కాలువ ఆగస్టులో వస్తే రానీ, అప్పటికి పైరు మోకాలెత్తుంటుంది. అప్పుడు నీళ్ళు పెట్టుకుంటే మామూలు చేనైపోతుంది. మూడేళ్ళు ఫారంలో చేసి చూశాం. ఇప్పుడు ఊళ్ళో చేసి చూపించమన్నారు. మన ఊరి రైతుల్లో పూర్ణచంద్రరావుగారు ఐదెకరాలిస్తానన్నారు. చేయించేది నేనే." ఊపిరి తీసుకుని, మెల్లిగా అన్నాడు: "ఇది నిలబడితే ఈసారి పర్మినెంటు లిస్టులో నా పేరుంటుంది."

అతని మొహం అంత వెలిగిపోవడం నేను పెళ్ళినాడు కూడా చూడలేదు. నాకు సంతోషం వేయాలి. నోట్లోంచి వచ్చింది మాత్రం వేరే.

"నారు లేకపోతే నాట్లేవయ్యా?"

అతను నా వైపు చూశాడు. అతనికి నిజంగా ఆ ఆలోచనే రాలేదు. మూడేళ్ళు ఆ పద్ధతి నేర్చుకున్న మనిషికి, నాట్ల మేస్త్రి మొగుడికి, నాట్లు చేసే తల్లి కడుపున పుట్టినవాడికి అది తట్టలేదు.

మా అత్త చేట పక్కన పెట్టింది. "ఇరవై రెండు పొయ్యిలు ఆర్పడానికి పదకొండేళ్ళు చదివొచ్చావురా?" అంది. గొంతు పెంచలేదు.

మర్నాడు చర్చి అయ్యాక ఆడవాళ్ళంతా మా వాకిట్లోనే. ఈ ఏడు ఐదెకరాలు, వచ్చే ఏడు యాభై, ఆ పైన మనల్నెవరు పిలుస్తారని వాళ్ళ గోల. నేను పూర్ణచంద్రరావుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన గొడ్లచావిట్లో నులకమంచం మీద కూర్చుని ఉన్నారు. ఆయన భార్య కోటేశ్వరమ్మగారు మజ్జిగ ఇచ్చి, "కూర్చో సామ్రాజ్యం" అన్నారు. నేను నిలబడే ఉన్నాను.

"రావుగారూ, మీ చేలో మా అత్త నాటింది, నేను నాటాను. ఇప్పుడు గొర్రు తెస్తానంటున్నారంట."

"తెస్తాననడం కాదమ్మా, గత్యంతరం లేదు. నిరుడు కాలువ కోసం కూర్చుని ఆగస్టు చివర నాటించాను. నువ్వే నాటావు. ఉప్పుకి సగం, గాలివానకి సగం పోయింది. ఈ ఏడు అదీ లేదు. నీళ్ళు తెప్పించు, రేపే నాట్లు పెట్టిస్తాను. నీళ్ళు లేకుండా నువ్వు నాటగలవా?"

"లేదండి."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

దానికి నా దగ్గర జవాబు లేదు. తిరిగొచ్చి ఆ మాటే చెప్పాను. కోపంగా ఉన్నవాళ్ళకి జవాబు లేదని చెప్పడం కంటే తప్పు ఇంకొకటి ఉండదు. ఆ రోజు నుంచే వాళ్ళు నన్ను అనుమానంగా చూడటం మొదలుపెట్టారు.

జూలై మొదటివారంలో వాన పడింది. ఒక మధ్యాహ్నమంతా. మర్నాడు నేల ఆరీ ఆరగానే బర్నబాస్ బాపట్ల మెట్టచేల వైపు నుంచి తెచ్చిన గొర్రుకి రావుగారి ఎడ్లని కట్టించాడు. మా ముఠా మొత్తం గట్టు మీద నిలబడింది. అడ్డం పడలేదు. తిట్టలేదు. కొంగులు నడుముకి దోపి, చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డారు, అంతే.

గొర్రు పైన చెక్క గిన్నెలాంటిది ఉంటుంది, జడ్డిగం అంటారు. గొర్రు నడుస్తుండగా అందులోకి గింజలు పిడికిట్లోంచి సమంగా వదలాలి. మెట్ట ఊళ్ళలో ఆ పని ఆడవాళ్ళది. మా ఊళ్ళో ఎవరూ దిగకపోతే, రావుగారి పాలేరు వదులుతున్నాడు. వాడి పిడికిలి ఒకచోట దోసెడు కుమ్మరిస్తుంది, పది అడుగులు ఒట్టి. బర్నబాస్ అరుస్తున్నాడు, "సన్నగా వదలరా!" వాడు కంగారుపడి ఇంకా కుమ్మరిస్తున్నాడు. విత్తనం ఫారం నుంచి కొలిచి తెచ్చింది. అది పోతే మళ్ళీ లేదు. పడమటి ఎండ చూస్తుండగానే తడి పీల్చేస్తోంది.

నేను గట్టు దిగాను.

"సామ్రాజ్యం" అంది మా అత్త వెనకనుంచి. ఒక్కసారే.

పాలేరు చేతిలో సంచి తీసుకున్నాను. మొదటి చాలు సరిగా రాలేదు. రెండో చాలుకి చేతికి అర్థమైంది. సాయంత్రానికి ఐదెకరాలూ అయిపోయాయి. తల ఎత్తేసరికి గట్టు ఖాళీ.

మొగుడి ఉద్యోగం కోసం దిగావంటారు ఇప్పటికీ కొందరు. నాకు తెలిసినంతవరకు, గింజ కుప్పపడుతుంటే చూడలేక దిగాను. తర్వాత ఎన్నిసార్లు తడిమి చూసుకున్నా అంతకుమించి కారణం దొరకలేదు.

ఇంటికెళ్తే వసారాలో మూడు రాళ్ళు పెట్టి మా అత్త వేరే వండుకుంటోంది. మర్నాడు తెల్లారి ముఠాని వెంటబెట్టుకుని అమృతలూరు వెళ్ళిపోయింది. వంగని నడుముతోనే. అక్కడ బోర్లున్న చేలు నాలుగు నాటేసరికి పని అయిపోయింది. తొమ్మిదో రోజుకి అందరూ తిరిగొచ్చారు. నాతో ఎవరూ మాట్లాడలేదు. చర్చిలో నా పక్కన చాప ఖాళీగా ఉండేది.

విత్తనం మొలిచింది. పచ్చటి గీతలు గీసినట్టు మొలిచింది. చూడటానికి ఊరంతా వచ్చింది. పది రోజులు నా మొగుడు నేల మీద నడవలేదు.

ఆ తర్వాత వాన మొహం చాటేసింది. నీళ్ళు నిలిచిన మడిలో గడ్డి మొలవదు, మునిగి చస్తుంది. పొడి నేలలో దాన్ని ఆపేదెవరు? వరి గీతల మధ్యన, గీతల్లోనే, గడ్డి లేచింది. ముఖ్యంగా ఊద. ఊద అచ్చం వరిలాగే ఉంటుంది. అదే రంగు, అదే ఆకు. వరి జానెడుంటే అది మూరెడు. ఫారం వాళ్ళు దానికి మందిచ్చారు. గొర్రు, మందు, రెండూ కలిపి చూపించాలన్నదే వాళ్ళ ప్రయోగం. బర్నబాస్ చెప్పినట్టే కొలిచి, చెప్పిన రోజే కొట్టాడు. ఏమీ కాలేదు. నేలలో తడి ఉంటేనే మందు పనిచేస్తుందట. తడే ఉంటే మాకీ వెదెందుకు?

ఆగస్టు మొదట్లో పూర్ణచంద్రరావుగారు చేనుకొచ్చి, గట్టంతా నడిచి, "దున్నించేద్దాం బర్నబాసూ. కనీసం మినుమైనా చల్లుకుంటాను" అన్నారు. కోపం లేదు ఆ మాటలో. కోపం ఉంటే బావుండేది.

బర్నబాస్ గట్టు మీద కూలబడ్డాడు. ఒక మొక్క పీకాడు, చూశాడు, పారేశాడు. ఇంకోటి పీకాడు. అది వరి. దాన్ని మళ్ళీ నేలలో పెట్టి మట్టి అదుముతున్నాడు. అది చూశాక నేనక్కడ నిలబడలేకపోయాను.

మా అత్త పొయ్యి దగ్గరుంది. ఎదురుగా కూర్చున్నాను. నెల రోజుల తర్వాత ఆమెతో నా మొదటి మాట: "అత్తా, చేను పోతోంది."

"పోనీ."

"పోతే వచ్చే ఏడు నాట్లొస్తాయా?"

ఆమె పుల్ల ఎగదోసింది.

"కాలువ రాదు అత్తా. వచ్చినా ఇలాగే వస్తుంది. అమృతలూరులో ఏం చూసొచ్చావో నీకు తెలుసు. ఈ చేను పోతే రావుగారు చేపల చెరువు తవ్వించుకుంటారు. అప్పుడు నాటూ లేదు, కోతా లేదు. ఊద తియ్యడం మీ అబ్బాయి మందు వల్ల కాలేదు. మన వల్లవుతుంది."

"నువ్వు ఆ రోజు దిగేముందు నన్నడిగావా?"

"అడగలేదు. తప్పే."

ఆమె గంజి వార్చి, గిన్నె దించి, చెయ్యి తుడుచుకుంది. "లే. రావుగారింటికి నేనొస్తాను. నువ్వు మాట్లాడకు."

రావుగారి దగ్గర ఆమె కూర్చుంది. కోటేశ్వరమ్మగారు పీట వేస్తే పీట మీదే కూర్చుంది. "చేను దున్నొద్దండి. మేం కలుపు తీస్తాం. మూడుసార్లు. రోజుకూలీకి కాదు, నాట్లకిచ్చినట్టే ఎకరానికింతని గుత్త. కోత కూడా మాదే, బయటి ముఠాని తేకూడదు. వచ్చే ఏడు మీరు వెద పెడితే విత్తనం వదలడం దగ్గర్నుంచి మా ముఠానే పిలవాలి. ఆ మందు మా చేలో కొట్టకూడదు."

"మీ చేలో!" అని నవ్వారు రావుగారు.

మా అత్త నవ్వలేదు. "అవునండి" అంది.

ఆయన భార్య వైపు చూశారు. కోటేశ్వరమ్మగారు, "ఒప్పుకోండి. దున్నినా చేతికొచ్చేదేముంది?" అన్నారు.

మర్నాడు ఇరవై రెండు మందిమీ చేలో దిగాం. ఆడవాళ్ళు నన్ను పలకరించలేదు గానీ, వరసలో నా చోటు నాకు వదిలారు. ఊదకీ వరికీ తేడా మా వేళ్ళకి తెలుసు. వరి ఆకు కాడని అంటుకునే చోట చిన్న తెల్లటి పొర ఉంటుంది, నాలుకలాగా. ఊదకి ఉండదు. కళ్ళతో వెతికితే ఎకరానికి వారం పడుతుంది. బొటనవేలితో ఆకు మొదలు రాస్తూ పోతే అరపూటలో మడి అయిపోతుంది. ఏళ్ళ తరబడి నారు పీకి కట్టలు కట్టిన వేళ్ళకే అది చేతనవుతుంది.

రెండోరోజు పని మధ్యలో మా అత్త ఆగింది. పాలేరు పిడికిళ్ళు కుమ్మరించిన చోట వరి దుబ్బులు దుబ్బులుగా ఉంది, ఆ పక్కనే ఒట్టి నేల. రాత్రి చిన్న జల్లు పడి నేల మెత్తగా ఉంది. ఆమె ఒత్తుగా ఉన్నచోట నాలుగు మొక్కలు పీకి, ఖాళీలో గుచ్చింది. అందరం పీకి గుచ్చడం మొదలుపెట్టాం. ఎవరో పాట ఎత్తుకున్నారు. ఎవరో కాదు, నేనే. కాసేపు నా గొంతు ఒక్కటే వినబడింది. తర్వాత కాదు.

ఆగస్టు ఇరవై దాటాక కాలువకి నీళ్ళొచ్చాయి. మా చేనుకి అప్పటికి రెండుసార్లు కలుపు తీశాం. నీళ్ళు తగలగానే వారంలో రంగు మారిపోయింది. మిగతా రైతులు అప్పుడు నారు పోసుకున్నారు. సెప్టెంబరు చివర వాళ్ళకి మేమే నాటాం. ఊరు మొత్తానికి పదిహేనెకరాలు. మిగిలింది బీడు.

బర్నబాస్ ప్రతి శనివారం రైలు దిగి ఇంటికి రాకుండా నేరుగా చేనుకి వెళ్ళేవాడు. తల్లి అక్కడుంటే దూరంగా నిలబడేవాడు. ఆమె అతనితో మాట్లాడేది కాదు. పొయ్యి మాత్రం సెప్టెంబరులో ఒకటైంది. వసారాలో మూడు రాళ్ళు ఎవరు తీశారో నేనడగలేదు.

నవంబరు రెండోవారంలో గాలివాన. రెండు పగళ్ళు వదల్లేదు. మా ఇంటి తాటాకు సగం ఎగిరిపోయి, ముగ్గురం చర్చిలో తలదాచుకున్నాం. అక్కడున్నంతసేపూ బర్నబాస్ కుదురుగా కూర్చోలేదు. తలుపు దాకా వెళ్ళడం, రావడం. చివరికి మా అత్తే, "కూర్చోరా. నువ్వు తిరిగితే గాలి ఆగదు" అంది. జూలై తర్వాత కొడుకుతో ఆమె అన్న మొదటి మాట అది. అతను ఆమె పక్కన కూర్చున్నాడు.

వాన తెరిపిచ్చాక చేనుకి పరుగెత్తాం. ఆలస్యంగా నాటిన చేలు పూత మీదున్నాయి. నిలబడే ఉన్నాయి గానీ పుప్పొడంతా కొట్టుకుపోయింది. తర్వాత అవి గింజ పట్టక సగానికి సగం తాలే అయ్యాయి. మాది పండిపోయిన చేను, పడిపోయింది. కానీ గింజ గట్టిపడింది. నీళ్ళలో ఉంటే రెండు రోజుల్లో మొలకెత్తుతుంది. రావుగారు గట్లు తెగ్గొట్టించారు. మేం మోకాళ్ళ నీళ్ళలో కోసి, పనలు గట్ల మీదికి చేరవేసి, తిరగేసి మరగేసి ఆరబెట్టాం. పేరుకే గుత్త. ఆ నాలుగు రోజులూ ఎవరూ గుత్త చూసుకోలేదు. మంచి ఏటి దిగుబడి రాలేదు. అందులో ముప్పాతిక వచ్చింది. ఆ ఏడు మా కాలువ చివర అది పెద్ద పంటే.

డిసెంబరులో నేను అమ్మాయిని చూడటానికి తెనాలి వెళ్ళాను. తిరుగు రైలు కోసం ప్లాట్‌ఫారం మీదుంటే ఎజ్రా కనబడ్డాడు. మా ఆయనతో పాటు ఫారంలో పనిచేసే మనిషి. మాది ఒకే చర్చి సంఘం.

"వదినా, ఇలా అవుతుందనుకోలేదు" అన్నాడు. "అన్న సంతకం పెట్టేస్తే పోయేది."

"ఏం సంతకం?"

అతను నాలిక కరుచుకున్నాడు. వదిలిపెట్టలేదు నేను. చెప్పాడు. చేను మీద రిపోర్టు రాసేటప్పుడు, కలుపు ఎలా పోయిందనేచోట మందుతో పోయిందని పైన సూపరువైజరు రాసుకొచ్చాడట. చేయించింది నువ్వే కాబట్టి సంతకం పెట్టమన్నాడట. బర్నబాస్ చదివి, "మందు పనిచెయ్యలేదండి. మా ఆడవాళ్ళు తీశారండి" అన్నాడట. రెండుసార్లు అడిగినా అదే మాటట. అయితే ప్రయోగం ఫెయిలైనట్టేనని ఆ కాయితం పక్కన పడేశారు. లిస్టు వచ్చింది. అందులో అతని పేరు లేదు. అది జరిగి అప్పటికి మూడు వారాలు.

మూడు శనివారాలు ఇంటికొచ్చాడు. ఒక్క ముక్క చెప్పలేదు.

ఆ శనివారం అన్నం పెట్టి అడిగాను. "పెట్టేస్తే ఏం పోయేదయ్యా? పదకొండేళ్ళు ఎదురుచూశాం."

అతను కంచంలోకి చూస్తూ, "మందుతో పోయిందని కాయితం మీద పడితే, వచ్చే ఏడు ఊరూరా రైతులకి అదే చెబుతారు. తడిలేని నేలలో కొట్టి, చేను పోగొట్టుకుంటారు. లేకపోతే మిమ్మల్ని పని మాన్పిస్తారు" అన్నాడు. ఆగి, "జూన్‌లో నువ్వడిగినప్పుడు నాకు తట్టలేదు. ఇప్పుడూ తట్టనట్టు సంతకం ఎలా పెట్టను?" అన్నాడు.

నాకు కోపం పోలేదు. గర్వంగానూ ఉంది. రెండూ ఒకేచోట ఉండలేక రాత్రంతా అటూ ఇటూ దొర్లాను.

మా అత్త అవతల మంచం మీద నుంచి అన్నీ విన్నది. మర్నాడు చర్చి అయ్యాక, ఆడవాళ్ళు లేవబోతుంటే, "కూర్చోండే" అంది. జరిగింది చెప్పింది. "నా కడుపున పుట్టాడని చెప్పడం లేదు. జూన్‌లో వాణ్ణి తిట్టినవాళ్ళలో నేనే ముందున్నాను. మనం చేసిన పని మనదని చెప్పినందుకు వాడి కూడు పోయింది. ఆ మాట మనం వెళ్ళి చెప్పాలా వద్దా?"

మంగళవారం పొద్దున రైలుకి ఇరవై రెండు మందిమీ ఎక్కాం. సగంమంది బాపట్ల చూడటం అదే మొదలు. బర్నబాస్‌కి చెప్పలేదు. చెబితే వద్దంటాడు. తెనాలిలో మారి, బాపట్లలో దిగి, ఎండలో నడిచి ఫారం చేరాం. దూరంగా మళ్ళలో వంగి పనిచేస్తున్న మా ఆయన తలెత్తి, మమ్మల్ని చూసి, చేతిలో పార వదిలేశాడు.

పెద్దాఫీసరు బయటికొచ్చాడు. ఆ మధ్యే బదిలీ మీద వచ్చాడట, సన్నగా, కళ్ళద్దాలతో. "ఏంటమ్మా ఇంతమంది?" అన్నాడు.

మా అత్త ముందుకు నడిచింది. "రేపల్లె అవతల నుంచి వచ్చామండి. వెద చేలో కలుపు తీసింది మేమండి. మందని రాశారంట."

"చేత్తో తీశారా? ఊదని అంత చిన్నప్పుడు గుర్తుపట్టడం మా స్టూడెంట్లకే రాదు."

ఆమె చుట్టూ చూసింది. కాలువ పక్కన మడి ఒకటి ఉంది, కలుపు తీయనిది. దిగింది. ఆయన వైపు చూస్తూనే, కిందికి చూడకుండా, బొటనవేలితో ఆకు మొదళ్ళు రాస్తూ పీకుతూ పోయింది. పిడికెడు అయ్యాక పైకొచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన కళ్ళద్దాలు పైకి తోసి ఒక్కొక్కటే విడదీసి చూశాడు. అంతా ఊదే. ఒక్క వరి మొక్క లేదు.

"లోపలికి రండి" అన్నాడు. అందర్నీ.

ఆ కాయితం తెప్పించాడు. చదివాడు. బర్నబాస్‌ని పిలిపించి నాలుగు మాటలు అడిగాడు. ఎన్నిసార్లు తీశారు, ఎన్ని రోజులకి, ఖాళీల్లో ఎప్పుడు గుచ్చారు. సూపరువైజరు గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. "పోస్టు సంగతి నా చేతిలో లేదయ్యా, లిస్టు వెళ్ళిపోయింది" అన్నాడు ఆఫీసరు మా ఆయనతో. ఉన్నమాటే చెప్పాడు. అది రావడానికి ఇంకో మూడేళ్ళు పట్టింది. ఈలోపు మా ఊళ్ళో వెద నలభై ఎకరాలైంది. మా అత్త రావుగారికి పెట్టిన షరతులే మిగతా రైతులకీ పెట్టాం. అందరూ ఒప్పుకోలేదు. ఒప్పుకున్నవాళ్ళతో బతికాం. తర్వాత తర్వాత తడి లేకపోయినా పనిచేసే మందులొచ్చాయనుకోండి, అది వేరే పోరాటం.

"ఇది మాత్రం నా చేతిలో ఉంది" అని ఆఫీసరు రిపోర్టులో ఆ చోటు కొట్టేసి, పెన్ను తెరిచాడు. "కలుపు నివారణ, చేతితో, మూడుసార్లు. ఇరవై రెండు మంది స్త్రీలు. అంతేనా?"

"పేర్లు రాయరాండి?" అంది మా అత్త.

ఆయన తలెత్తాడు. "రిపోర్టులో పేర్లు రాయరమ్మా."

"మందుకైతే పేరు రాశారు కదండి."

ఆయన పక్కన మరో తెల్లకాయితం పెట్టుకున్నాడు. "చెప్పండి. మీ పేరు?"

"కొండమ్మ."

ఒక్కొక్కళ్ళం బల్ల దగ్గరికెళ్ళి చెప్పాం. ఆయన ప్రతి పేరూ పలికి, సరిగ్గా ఉందా అని అడిగి, రాశాడు. పదిహేడో పేరు దగ్గర బయట భోజనం గంట కొట్టారు. ఆయన లేవలేదు.